తెర మీది పొగ పిల్లల మనసులోకి ఎలా వెళ్తుంది, మనం ఎక్కడ అడ్డుపడాలి

మా అబ్బాయికి పన్నెండేళ్లప్పుడు ఒక సాయంత్రం అద్దం ముందు నిలబడి ఉండగా చూశాను. చేతిలో పెన్ను. దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టుకుని, తల కాస్త పక్కకు వాల్చి, కళ్లు సగం మూసి, నోట్లోంచి నెమ్మదిగా గాలి వదిలాడు. వదిలాక ఒక్క క్షణం ఆగి అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. మా ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లు ఎవరూ లేరు, వాడు అప్పటికి సిగరెట్‌ని ముట్టుకుని కూడా ఉండడు, అయినా ఆ వేళ్లు పట్టుకునే తీరు, ఆ తల వాల్చడం, చివర్లో ఆ చూపు, అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చేశాయి. ఎవరు నేర్పారో వెతకాల్సిన పని లేకపోయింది. రెండు రోజుల ముందు ఇద్దరం కలిసి చూసిన ఒక సిరీస్‌లో ఒక పాత్ర సరిగ్గా అలాగే పొగ వదులుతుంది. నేను పక్కనే ఉన్నాను, అయినా నా కంటికి ఆనలేదు.

ఆ రోజు నేను చేసింది చాలామంది అమ్మానాన్నలు చేసేదే. కూర్చోబెట్టి పావుగంట క్లాసు పీకాను. ఊపిరితిత్తులు, క్యాన్సర్, గుండెపోటు, ఏదీ వదల్లేదు. వాడు ఓపిగ్గా అంతా విని "తెలుసమ్మా" అన్నాడు. నిజంగానే తెలుసు. ఈ రోజుల్లో సిగరెట్ మంచిదని నమ్మే పిల్లలు ఎక్కడా ఉండరు. నా పావుగంట మాటలు వాడికి తెలిసిన విషయాన్నే మళ్లీ చెప్పాయి, ఆ సీను మాత్రం తెలియని విషయం ఒకటి నేర్పింది: సిగరెట్ పట్టుకున్న మనిషి ఎలా కనిపిస్తాడో, చుట్టూ ఉన్నవాళ్లు అతన్ని ఎలా చూస్తారో. అందుకే ఆరోగ్యం గురించి ఎంత చెప్పినా ఆ నేర్చుకున్నది చెక్కుచెదరదు. ఆ తర్వాత కొన్నేళ్లుగా నేను చదివినవి, ఇంట్లో చేసి చూసినవి, పని చేసినవి ఇక్కడ రాస్తున్నాను. పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు మీ ఇంట్లో ఉన్నా, మీరు వాళ్లకు పాఠాలు చెప్పే టీచరైనా ఇవి పనికొస్తాయి.

ముందు ఆ సీను ఏం చేస్తోందో మీకు కనబడాలి

తెర మీద సిగరెట్ ఊరికే రాదు. హీరో ఎంట్రీలో ముఖం కంటే ముందు లైటర్ వెలుగు కనిపిస్తుంది. గొడవలో గెలిచాక ఒకటి వెలిగిస్తాడు, ప్రేమ పోతే చీకట్లో ఒంటరిగా కూర్చుని పొగ వదులుతాడు, అంతుపట్టని కేసు గురించి ఆలోచిస్తున్న పోలీసు ఆఫీసరు వేళ్ల మధ్య సగం కాలిన సిగరెట్ ఉంటుంది, ముక్కూమొహం తెలియని ఇద్దరు స్నేహితులయ్యే ముందు ఒకడు ఇంకొకడికి నిప్పు అందిస్తాడు. ధైర్యం, బాధ, తెలివి, స్నేహం, ఎవరినీ లెక్కచేయనితనం, ఇవన్నీ మాట లేకుండా చూపించడానికి సినిమా తీసేవాళ్లకు దొరికిన సులువైన దారి అది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు తమలో ఉన్నాయా లేవా అని రోజూ వెతుక్కునేవి కూడా సరిగ్గా ఇవే. ఒక వస్తువు చేతిలోకి తీసుకుంటే అవన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయని తెర చెబుతోంది.

ఇక చూపించనివి చూడండి. దగ్గు ఉండదు. బట్టల్లో, జుట్టులో వాసన ఉండదు, ఎందుకంటే తెరకు వాసన లేదు. పసుపు పట్టిన వేళ్లు, అర్ధరాత్రి ప్యాకెట్ అయిపోతే పడే అవస్థ, రెండు గంటలు కదలకుండా కూర్చోవాల్సిన చోట కాలు కదుపుతూ పడే చిరాకు, ఇవేవీ కనిపించవు. మొదటిసారి తాగినవాళ్లలో చాలామందికి తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. అది కూడా కనిపించదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. విలన్ తాగితే ఫర్వాలేదు, పిల్లలు చెడ్డవాణ్ణి చూసి నేర్చుకోరు కదా అనుకుంటాం. విలన్‌కి మంచి డైలాగులు, మంచి బట్టలు, ఎవరికీ భయపడని నడక ఉంటే పిల్లలకు కావాల్సింది అదే. ఆ వయసులో చాలామందికి బుద్ధిమంతుడైన హీరో కంటే వాడే నచ్చుతాడు.

ఇది నా ఊహ అనుకోకండి. అమెరికాలో అప్పటిదాకా ఒక్క సిగరెట్ కూడా ముట్టని 10 నుంచి 14 ఏళ్ల పిల్లలను ఎంచుకుని, వాళ్లు చూసిన సినిమాల్లో ఎన్నిసార్లు పొగ కనిపించిందో లెక్కగట్టి, ఒకటి రెండేళ్ల తర్వాత మళ్లీ వాళ్లనే కలిసి అడిగారు. 2,600 మందికి పైగా పిల్లల మీద చేసిన ఈ అధ్యయనం 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తెర మీద పొగను బాగా ఎక్కువ చూసినవాళ్లు, బాగా తక్కువ చూసినవాళ్ల కంటే సుమారు 2.7 రెట్లు ఎక్కువగా సిగరెట్ మొదలుపెట్టారు. మిగతా కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా అంత ఉంది. 2012లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక ఇంకో అడుగు ముందుకు వేసి, సినిమాల్లో పొగ చూడటానికీ పిల్లలు మొదలుపెట్టడానికీ ఉన్నది కార్యకారణ సంబంధమేనని తేల్చి చెప్పింది.

లాన్సెట్ అధ్యయనంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. తాగని తల్లిదండ్రుల పిల్లల మీదే సినిమాల ప్రభావం ఇంకా బలంగా ఉంది. తాగేవాళ్లున్న ఇంట్లో పిల్లలకు ఆ దగ్గు, ఆ వాసన, మానలేక పడే బాధ కళ్ల ముందే ఉంటాయి. తాగని ఇంట్లో పిల్లలకు సిగరెట్ గురించి తెలిసిందంతా తెర చూపించిందే. "మా ఇంట్లో ఎవరూ తాగరు, మాకేం భయం లేదు" అని నేనూ అనుకున్నాను, ఆ అద్దం ముందు సంగతి దాకా.

పక్కన కూర్చోండి, ఒక్క ప్రశ్న అడగండి

మొదటి వారం ఏమీ చెప్పకండి, గమనించండి చాలు. వాళ్లు ఏ సిరీస్ చూస్తున్నారు, ఏ హీరో ఎడిట్లు (సినిమా ముక్కలు కత్తిరించి చేసిన చిన్న వీడియోలు) మళ్లీ మళ్లీ పెట్టుకుంటున్నారు, ఫోన్ వాల్‌పేపర్ మీద ఎవరున్నారు, పాటల వీడియోల్లో ఏముంది, ఆడే గేముల్లో పాత్రలు ఏం చేస్తున్నాయి. మనం చూడని వాటి గురించి మాట్లాడితే పిల్లలు ఒక్క నిమిషంలో పట్టేస్తారు, ఇక ఆ తర్వాత మన మాట వినరు.

ఆ తర్వాత కలిసి చూడండి. సీను వచ్చినప్పుడు ఆపేసి ఉపన్యాసం ఇవ్వకండి. అది అయ్యాక, వీలు చూసుకుని అడగాల్సింది ఒక్కటే: "ఆ సీన్లో సిగరెట్ ఏం పని చేస్తోంది?" మంచిదా చెడ్డదా అని అడిగితే పిల్లలు మనకు కావాల్సిన జవాబు చెప్పి లేచిపోతారు. ఏం పని చేస్తోంది అంటే ఆలోచించాలి, పైగా వాళ్లకు సినిమా గురించి మాట్లాడటం ఇష్టం.

మా వాడు మొదటిసారి "ఏమో, ఊరికే" అన్నాడు. సరే, వదిలేశాను. రెండోసారి అడిగితే "స్టైల్‌గా ఉంది" అన్నాడు. మూడోసారి మాత్రం ఇద్దరం ఆ సీను వెనక్కి తిప్పి చూశాం. ఒక మనిషి వర్షంలో కారుకు ఆనుకుని సిగరెట్ వెలిగించే సీను, నలభై సెకన్లు ఉంటుందేమో. మొదట సౌండ్ తీసేసి చూశాం. ఆ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పోయేసరికి తడిసిపోయిన మనిషి లైటర్‌తో తంటాలు పడుతున్నట్టు ఉంది, అంతే. తర్వాత మళ్లీ సౌండ్ పెట్టి, ఈసారి సిగరెట్ ఉన్న చోట అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాం. "ఇప్పుడు కూడా బాగానే ఉన్నాడు కదా" అన్నాను. వాడు కాసేపు చూసి "వెనకాల నీలం లైటు వేశారు, పొగ అందులో కనపడాలని" అన్నాడు. నేను ఆ లైటు గమనించనే లేదు. స్లో మోషన్ ఎక్కడ మొదలైందో, కెమెరా కింద నుంచి పైకి ఎందుకు పెట్టారో, ఇవన్నీ ఆ తర్వాత వాడే చెప్పుకుంటూ పోయాడు. ఆ గొప్పతనమంతా మ్యూజిక్‌లో, లైట్లలో, కెమెరాలో ఉందని పిల్లలు తమ కళ్లతో తాము చూస్తే అది మనం వందసార్లు చెప్పినదాని కంటే గట్టిగా నిలబడుతుంది.

పదేళ్ల లోపు పిల్లలకైతే ఇంత అక్కర్లేదు, పెద్దల కోసం తీసినవి చూడనివ్వకపోతే చాలు. పెద్దలకు మాత్రమే అని ముద్ర ఉన్న సినిమాలు చూడనివ్వని ఇళ్లలో పిల్లలు సిగరెట్ మొదలుపెట్టడం తక్కువని అధ్యయనాల్లో తేలింది. పిల్లలు అలుగుతారు, అలిగితే అలగనివ్వండి.

"టెన్షన్ తగ్గుతుంది" అనే మాటను విప్పి చూపించండి

తెర నేర్పే అబద్ధాల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా నమ్మకం. స్టైల్ మోజు వయసుతో పాటు తగ్గవచ్చు, కానీ పరీక్షలప్పుడు, ఇంట్లో గొడవలప్పుడు, ఎవరో మాట్లాడటం మానేసినప్పుడు, "అంత టెన్షన్‌లో ఆ హీరో ఒక్కటి వెలిగించాక కుదుటపడ్డాడు" అన్న బొమ్మ మనసులో ఉంటే అది ఆ రోజు దారి చూపిస్తుంది.

కాబట్టి లోపల ఏం జరుగుతుందో పిల్లలకు మామూలు మాటల్లో చెప్పండి. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరుతుంది, హాయిగా అనిపించేలా చేసే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఒంట్లో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అలవాటైన మెదడు అప్పుడు మళ్లీ అడుగుతుంది, ఆ అడగడమే చిరాకుగా, కంగారుగా, దేని మీదా మనసు నిలవనట్టుగా ఉంటుంది. ఇంకొకటి వెలిగిస్తే ఆ చిరాకు తగ్గుతుంది, కానీ ఆ చిరాకు తెచ్చిపెట్టింది ముందు తాగిన సిగరెట్టే. మానేసినవాళ్లలో కొన్ని వారాలు గడిచాక ఆందోళన, దిగులు తాగే రోజుల కంటే తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. పిల్లల మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి నికోటిన్‌కి అది పెద్దవాళ్ల కంటే త్వరగా అలవాటుపడుతుంది. వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, పొగ లేదు కాబట్టి ఏం కాదని వాదించే పిల్లలకు కూడా ఇదే జవాబు, ఎక్కువ వేప్‌లలో ఉండేది ఆ నికోటినే.

డబ్బు ఎటు నుంచి వచ్చిందో చెప్పండి

టీనేజీ పిల్లలకు భయం ఎక్కదు, మోసపోతున్నామంటే మాత్రం ఒళ్లు మండుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1998లో మొదలై 2000లో దేశవ్యాప్తమైన ట్రూత్ అనే ప్రచారం దీన్నే పట్టుకుంది. ఒక ప్రకటనలో కుర్రాళ్లు పొగాకు కంపెనీ ఆఫీసు ముందు 1,200 శవాల సంచులు పేర్చారు, పొగాకు వల్ల అమెరికాలో ఒక్క రోజులో పోయే ప్రాణాలకు గుర్తుగా. తాగొద్దని నీతులు చెప్పకుండా కంపెనీలు ఏం చేస్తున్నాయో చూపించింది, అది పిల్లలకు తాకింది.

చెప్పడానికి కథలు బోలెడు. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో కొందరు అమ్మాయిలు అందరి ముందూ సిగరెట్లు వెలిగించారు, పత్రికలు దాన్ని స్వేచ్ఛా దివిటీలుగా, ఆడవాళ్ల హక్కుగా రాశాయి. దాని వెనక ఉన్నది లక్కీ స్ట్రైక్ తయారుచేసే అమెరికన్ టొబాకో కంపెనీ కోసం పనిచేసిన ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్. ఆ కంపెనీకి కావాల్సింది ఆడవాళ్ల స్వేచ్ఛ కాదని, సగం జనాభా కొనడం లేదన్న దిగులే ఇదంతా చేయించిందని అమ్మాయిలకు చెప్పి చూడండి. మార్ల్‌బరో 1924లో ఆడవాళ్ల సిగరెట్‌గా బజారుకొచ్చింది. 1950లలో అదే పేరు మీద గుర్రమెక్కిన కౌబాయ్‌ని పెట్టి మగతనానికి గుర్తుగా అమ్మారు. ఈ రెండు ప్రకటనలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు. ఆ కౌబాయ్ ప్రకటనల్లో కనిపించిన వేన్ మెక్‌లారెన్ 1992లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు, చివరి రోజుల్లో పొగాకుకు వ్యతిరేకంగా మాట్లాడాడు.

సినిమాలకూ డబ్బులు ముట్టాయి. ఐదు సినిమాల్లో బ్రౌన్ అండ్ విలియమ్సన్ కంపెనీ సిగరెట్లు వాడతానని, అందుకు 5 లక్షల డాలర్లు అని హాలీవుడ్ హీరో సిల్వెస్టర్ స్టాలోన్ పేరుతో 1983లో రాసిన ఉత్తరం కంపెనీ కాగితాల్లో బయటపడింది. అమెరికాలో 1998 నాటి ఒప్పందంతో కంపెనీలు సినిమాల్లో బ్రాండ్ పెట్టించడానికి డబ్బివ్వడం నిషేధమైంది, కానీ అప్పటికే సిగరెట్ అంటే ఇదీ అన్న బొమ్మ తయారైపోయింది, ఇప్పటి దర్శకులు పైసా తీసుకోకుండా దాన్నే మళ్లీ గీస్తున్నారు.

ఒంటె బొమ్మ సంగతి చిన్నపిల్లలకు చెప్పడానికి బాగుంటుంది. జో క్యామెల్ అనే కార్టూన్ ఒంటెతో 1988 నుంచి 1997 దాకా అమెరికాలో సిగరెట్లు అమ్మారు. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరేళ్ల పిల్లలు ఆ ఒంటెను దాదాపు మిక్కీ మౌస్‌ని గుర్తుపట్టినంత బాగా గుర్తుపట్టారు. ఆ ఒంటెతో సిగరెట్లు అమ్మిన ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ 1984 నాటి లోపలి పత్రం ఒకటి, పోయిన గిరాకీ స్థానంలోకి రాగలిగేది కుర్రకారు మాత్రమేనని తేటతెల్లంగా రాసుకుంది. పోయినవాళ్లంటే మానేసినవాళ్లు, చనిపోయినవాళ్లు. ఈ ఒక్క సంగతి చెప్పినప్పుడు మా వాడు "అంటే వాళ్లకు నేను బదులా?" అన్నాడు. అవును నాన్నా, అన్నాను. అంతకంటే నేనేం చెప్పలేదు.

ఫోన్‌లో వచ్చేవి వేరే రకం

సినిమాలో కథ ఉంటుంది, ఆపి మాట్లాడొచ్చు. రీల్స్‌లో పదిహేను సెకన్లలో వచ్చి పోతాయి: పొగతో రింగులు, వేప్ మేఘాలు, సినిమాల నుంచి కత్తిరించిన సిగరెట్ ఎడిట్లు. సినిమాలో ఆ మనిషి చివరికి పతనమైపోయినా ఎడిట్‌లో పతనం ఉండదు, స్టైల్ ఒక్కటే మిగులుతుంది. పైగా ఒకటి పూర్తిగా చూస్తే అలాంటివే ఇంకో పది వస్తాయి, అందరూ ఇదే చేస్తున్నారనిపిస్తుంది. నిజానికి ప్రపంచంలో పెద్దవాళ్లలో పొగాకు వాడేవాళ్లు సుమారు ఐదుగురిలో ఒకరేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్క. మిగతా నలుగురూ రీల్స్ చేయరు కాబట్టి కనిపించరు.

చేయాల్సింది పెద్దగా లేదు. పిల్లల పక్కన కూర్చుని, అలాంటిది వచ్చినప్పుడు "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కడం, ఆ పేజీని అన్‌ఫాలో చేయడం వాళ్ల చేతే చేయించండి. రెండు వారాలు చేస్తే ఫీడ్ మారడం వాళ్లకే తెలుస్తుంది. ఫోన్ లాక్కోవడం వల్ల నాకైతే ఏ లాభమూ కనబడలేదు, స్నేహితుల ఫోన్లో చూస్తారు.

మూడు ప్రశ్నలు

ఇన్ని చేశాక మన పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి పరిశోధకులు వాడే పద్ధతి ఒకటి ఉంది, ఇంట్లోనూ వాడుకోవచ్చు. త్వరలో ఒక సిగరెట్ తాగి చూస్తావా? వచ్చే ఏడాదిలో? నీ ప్రాణస్నేహితుడు ఇస్తే? ఈ మూడింటికీ "అస్సలు తాగను" అని వస్తేనే ధైర్యంగా ఉండొచ్చు. "తాగననుకుంటా", "ఏమో", "అప్పుడు చూద్దాం" అన్నవాళ్లు తర్వాత మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. మనం మాత్రం "తాగననుకుంటా" వినగానే ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతాం. ఆ "అనుకుంటా"లో తలుపు కొంచెం తెరిచే ఉంది. కోప్పడకుండా అడగండి, నిజం చెప్పినందుకు తిట్లు తింటే ఇంకోసారి చెప్పరు. మూడో ప్రశ్న దగ్గర తడబడితే జవాబు కలిసి వెతకండి. "వద్దురా, నాకు పడదు" అని మామూలుగా అనేసి మాట మార్చడం మా వాడికి సులువనిపించింది, ఇంట్లోనే నాలుగైదుసార్లు అనిపించాను. మొదట సిగ్గుపడ్డాడు.

ఇప్పటికే ఒకటి రెండు తాగారని తెలిస్తే ఇల్లు పీకి పందిరేయకండి. ఎప్పుడు, ఎవరితో, అప్పుడు ఎలా అనిపించింది, మళ్లీ తాగాలనిపిస్తోందా అని అడగండి. మళ్లీ అనిపిస్తోందంటే, పొద్దున్నే లేవగానే గుర్తొస్తోందంటే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, ఆలస్యం చేయొద్దు. అది మొండితనం కాదు, నికోటిన్ పని.

మీరే తాగుతుంటే మాట్లాడే అర్హత లేదనుకుని ఊరుకోకండి. మా అన్నయ్య ఇరవై ఏళ్లకు పైగా తాగుతున్నాడు, నాలుగుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టాడు. పోయిన సెలవుల్లో మా వాడు "మావయ్యా, మొదటిది ఎందుకు తాగావ్?" అని అడిగాడు. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఒక సినిమా చూసి వచ్చి, తాగడానికి నెల రోజుల ముందు నుంచే చాక్‌పీస్ పెట్టుకుని అద్దం ముందు ప్రాక్టీస్ చేశానని చెప్పాడు. మా వాడు నా వైపు చూశాడు. పెన్ను సంగతి నేను అన్నయ్యకు ఎప్పుడూ చెప్పలేదు.